అసెంబ్లీ స్టేషను

మొన్న మా అక్కను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. బావ పోయి రెండేళ్ళయింది. అక్కకు రావలసిన పింఛను కాగితాలు ఒక కార్యాలయంలో ఎక్కడో నిద్రపోతున్నాయి. జమ్మికుంటలో తెల్లవారుజామున రైలెక్కి సికింద్రాబాదులో దిగాం. అక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, అసెంబ్లీ స్టేషనుకు చేరుకున్నాం.

లండనువారు 1863లోనే భూమి కింద రైలు నడిపారు. కలకత్తాలో అది 1984లో వచ్చింది. మన హైదరాబాదులో మాత్రం రైలు నేల కిందికి దిగక, రోడ్డు నడుమ స్తంభాల మీదికెక్కి కూర్చుంది. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా 16 కిలోమీటర్ల మార్గాన్ని 2018 సెప్టెంబరు 24న ప్రారంభించారు. ఈ స్టేషను ఆ మార్గంలోదే.

"తమ్మీ, సర్కారు వాకిట్లనే దింపిండు గద!" అని అక్క మురిసిపోయింది.

నిజమే. దగ్గర్లోనే శాసనసభ. ఆరవ నిజాం నలభయ్యవ పుట్టినరోజు గుర్తుగా 1905లో టౌన్ హాలుగా మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన తెల్లని భవనం అది. ఆ పక్కనే పబ్లిక్ గార్డెన్సు, అందులో రాష్ట్ర మ్యూజియం.

కార్యాలయంలో గుమాస్తాగారు తలెత్తకుండానే, "మధ్యాహ్నం రండి" అన్నారు. చేసేదేమున్నది? మ్యూజియంలోకి దారితీశాం.

అక్కడ ఈజిప్టు మమ్మీ ఉన్నది. ఏడవ నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చినది. అక్క చాలాసేపు చూసి, "పాపం, ఈమె ఎవరి సంతకం కోసం ఎదురుచూస్తున్నదో!" అన్నది. నాకు నవ్వాగలేదు.

శాతవాహనుల సంగతి వచ్చినప్పుడు, మన పాత కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాలలో చిముకుడనే రాజు పేరున్న నాణేలు దొరికాయని చెప్పాను. అక్క ముఖం చిన్నబోయింది.

"రాజు పేరు రెండు వేల ఏండ్లు మట్టిల ఉన్నా దొరికింది. మీ బావ పేరు రెండేండ్లకే కాగితాలల్ల దొరకకపాయె."

మధ్యాహ్నం అసలు సంగతి తేలింది. ఒక కాగితంలో బావ పేరు రాయడంలో ఒక్క అక్షరం తేడా! ఇరవై ఏళ్ళుగా పిల్లలకు అక్షర దోషాలు దిద్దుతున్నవాణ్ణి, ఈ ఒక్కటి మాత్రం దిద్దలేకపోయాను. దానికి వేరే ధ్రువపత్రం తేవాలట.

మైళ్ళ దూరాన్ని రైలు నిమిషాల్లో దాటించింది. వాకిలి నుంచి గుమాస్తా బల్ల దాకా ఉన్న పది గజాలే మిగిలాయి. వచ్చే సోమవారం మళ్ళీ బయలుదేరుతున్నాం.