నాడి లయ తప్పినపుడు

సంధ్యావందనంలో ప్రాణాయామం చేసేటపుడు ముక్కుపై వ్రేళ్లుంచి, ఊపిరి నిలిపి, మంత్రాన్ని మననం చేయడం ఉపనయనమైన నాటి నుండి నాకు అలవాటు. ఆ నిశ్శబ్దంలో గుండె చప్పుడు దానంతటదే వినిపిస్తుంది. రెండేళ్ల క్రిందట ఒక మాఘమాసపు ఉదయం ఆ చప్పుడు తాళం తప్పింది. రెండు దెబ్బలు వెంటవెంటనే, కొంత విరామం, మళ్లీ గబగబా నాలుగు దెబ్బలు. ముప్పావు గంటకు సర్దుకున్నది. ఎవరికీ చెప్పలేదు.

శార్ఙ్గధర సంహితలో నాడి నడకను పాముతో, కప్పతో, హంసతో పోల్చి చెప్పారు. పాఠశాలలో ఆ భాగం వల్లించిన వాణ్ణి గనుక, నాది ఏ ప్రాణి నడక అని విచారిస్తూ రెండు నెలలు గడిపాను. ఇ.సి.జి. తీయించుకోవలసిన కాలంలో శ్లోకాలు నెమరువేసుకున్నాను. అది నా పొరపాటే.

ఈ మధ్య ప్రవచనానంతరం కొందరు భక్తులు నా వద్దకు వచ్చి, ఇదే వ్యాధికి మాత్రలతో సరిపెట్టుకోవాలా, అబ్లేషన్ చేయించుకోవాలా అని అడుగుతున్నారు. నేను వైద్యుణ్ణి కాను, ఆ దారిలో నడిచిన రోగిని. ఆ మేరకే ఈ నాలుగు మాటలు.

వ్యాధి పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండెకు పై గదులు రెండు, క్రింది గదులు రెండు. కుడివైపు పై గదిలో ఒక చిన్న కేంద్రం విద్యుత్ప్రేరణ పుట్టించి లయ నడిపిస్తుంది. ఈ వ్యాధిలో పై గదుల నిండా నిమిషానికి 300కు పైగా ప్రేరణలు చెలరేగుతాయి. గదులు ముడుచుకోవడానికి బదులు వణుకుతాయి. వణికే గదిలో నెత్తురు నిలుస్తుంది, ముఖ్యంగా ఎడమ పై గదికి అంటుకొని ఉన్న చిన్న సంచిలో. నిలిచిన నెత్తురు గడ్డ కట్టి మెదడుకు చేరితే పక్షవాతం. ఈ వ్యాధి ఉన్నవారికి పక్షవాతపు ముప్పు ఇతరులకంటె సుమారు అయిదు రెట్లు.

మా పెదతండ్రిగారి కుమారుడు, నాకు అన్నగారు, ఘనాపాఠి. ఆయనకూ ఇదే వ్యాధి. రోజూ ఆస్పిరిన్ మాత్ర ఒకటి వేసుకుంటూ, గుండెకు అది చాలునని నమ్మారు. ఒకనాటి తెల్లవారుజామున మాట పడిపోయింది. అరువది ఏండ్లు వేదం పలికిన నోరు, ఆ తరువాత మంచినీళ్లు కావాలని కూడ చెప్పలేకపోయింది. ఈ వ్యాధిలో గడ్డ కట్టకుండా ఆపే మందుకు ఆస్పిరిన్ ప్రత్యామ్నాయం కాదని నాకు ఆ తరువాతనే తెలిసింది.

అందుచేత డాక్టరమ్మగారి ఎదుట కూర్చున్నపుడు నేనడిగిన మొదటి మాట ఇది: "అమ్మా, అబ్లేషన్ చేయించుకుంటే ఈ మాత్రలన్నీ మానవచ్చునా?" మా పెద్దబ్బాయి అప్పటికే అట్లా అని నిశ్చయించి ఉన్నాడు. ఆమె నవ్వి, "తాతగారూ, మీరు రెండు ప్రశ్నలను ఒకటిగా ముడివేశారు" అన్నారు. ఆ ముడి విప్పడంతోనే సగం సందేహం తీరింది.

మొదటి ప్రశ్న గడ్డను గురించి. దీనికి ఒక లెక్క ఉన్నది. వయసు 65 నిండితే ఒకటి, 75 నిండితే రెండు, రక్తపోటుకు ఒకటి, మధుమేహానికి ఒకటి, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే రెండు, ఇట్లా కూడుతారు. అప్పుడు నా వయసు 72, రక్తపోటు ఉన్నది. మొత్తం రెండు. కనుక నెత్తురు గడ్డకట్టకుండా ఆపే మందు తప్పనిసరి. అబ్లేషన్ అయినా సరే, కనీసం రెండు మూడు నెలలు అందరూ ఆ మందు వాడవలసిందే. ఆ పైన కొనసాగించాలా అన్నది ప్రధానంగా ఈ లెక్కను బట్టే కాని, లయ సర్దుకున్నదా లేదా అన్నదాన్ని బట్టి కాదు. మాత్ర మానడం కోసమే అబ్లేషన్ కోరేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

రెండవ ప్రశ్న లయను గురించి. మెటోప్రొలాల్ వంటి మందు ఇచ్చి వేగాన్ని మాత్రం అదుపులో ఉంచి, లయను దాని మానాన వదలడం ఒక మార్గం. లయనే సరిచేయ యత్నించడం మరొకటి. అందుకూ మందులున్నవి. వాటిలో బలమైన ఎమియోడరోన్ థైరాయిడునూ ఊపిరితిత్తులనూ బాధించవచ్చు గనుక తరచు పరీక్షలు కావాలి. అబ్లేషన్ అయితే తొడ మూలంలోని సిర గుండా సన్నని గొట్టాన్ని గుండెలోనికి పంపి, ఊపిరితిత్తుల నుండి నాలుగు సిరలు ఎడమ పై గదిలో కలిసే చోట చుట్టూ కాల్చి గాని, గడ్డకట్టించి గాని, తప్పుడు ప్రేరణలకు అడ్డుకట్ట వేస్తారు. ఆ ప్రేరణలు ఎక్కువగా ఆ సిరల నుండే పుడతాయని ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు 1998లో చూపారు. వచ్చిపోయే రకం వ్యాధిలో ఏడాది తరువాత నూటికి సుమారు డెబ్బైమందికి ఉపశమనం ఉంటుందనీ, కొందరికి రెండవసారి చేయవలసి వస్తుందనీ, నూటికి ఒకరిద్దరికి గుండె చుట్టూ నెత్తురు చేరడం వంటి పెద్ద చిక్కు రావచ్చుననీ ఆమె దాచకుండా చెప్పారు.

మా అబ్బాయి పట్టుదలకు కారణం లేకపోలేదు. మా చెల్లెలి మనుమరాలికి 22వ ఏట గుండె దడకు అబ్లేషన్ చేశారు, మరునాడే ఇంటికి వచ్చింది, మళ్లీ దడ రాలేదు. అయితే ఆమెది వేరే వ్యాధి. పుట్టుకతో గుండెలో ఒక అదనపు దారి ఉన్నది, దాన్ని మూస్తే నూటికి తొంబదిమందికి పైగా శాశ్వతంగా నయమవుతుంది. చికిత్స పేరొకటే, ఫలితం ఒకటి కాదు.

ఏది మేలన్న విషయంలో పరిశోధనలు కూడ ఒకే మాట చెప్పలేదు. అమెరికా, కెనడాలలో నాలుగు వేలమందికి పైగా రోగులపై జరిగి 2002లో వెలువడిన ఎఫర్మ్ పరిశోధనలో, మందులతో లయను సరిచేసినందువలన ఆయుర్దాయం పెరగలేదని తేలింది. ఐరోపాలో జరిగి 2020లో వెలువడిన ఈస్ట్ పరిశోధనలో మాత్రం, వ్యాధి కనుగొన్న ఏడాదిలోపే లయను సరిచేయ పూనుకుంటే పక్షవాతమూ హృద్రోగ మరణాలూ తగ్గినవని కనబడింది. కనుక ఆలస్యం కూడదు. నేను పోగొట్టుకున్న రెండు నెలలు ఇక్కడ గుర్తుకు వస్తాయి.

చివరకు డాక్టరమ్మగారు అడిగినది ఒక్కటే: "దీనివల్ల మీరేమి చేయలేకపోతున్నారు?" నాకు దడ నెలకొకసారి, గంటలోపు. మెట్లెక్కగలను, రెండు గంటలు నిలిచి ప్రవచనం చెప్పగలను. మెటోప్రొలాల్, అపిక్సాబాన్ చాలునని ఇద్దరమూ అనుకున్నాం. ఆయాసం వస్తే గాని, దడ తరచయితే గాని మళ్లీ ఆలోచించాలి. మా ఆలయ వంటశాలలో నైవేద్యం సిద్ధపరచే స్వామికి 58 ఏండ్లు. మందులు వాడినా వారానికి రెండుసార్లు దడ, గంగాళం ఎత్తితే కళ్లు తిరగడం. ఆయన అబ్లేషన్ చేయించుకున్నారు. ఇప్పుడు హాయిగా పులిహోర కలుపుతున్నారు. నా నిర్ణయమూ సరియైనదే, ఆయనదీ సరియైనదే.

యాత్రికులకు ఒక్క మనవి. ఏకాదశి అనీ, కార్తీకమనీ నెత్తురు పలుచన చేసే మాత్రను మానరాదు. వీటిలో కొన్నింటి ప్రభావం ఒక్కరోజులోనే తగ్గిపోతుంది. వ్రతభంగం కలిగించని ఎనిమిదింటిలో నీటితో, పండ్లతో, పాలతో పాటు ఔషధాన్నీ పెద్దలు చేర్చారు. రివరాక్సబాన్ వాడేవారు దాన్ని ఆహారంతోనే తీసుకోవాలి, ఉత్త కడుపున అది సరిగా ఒంటబట్టదు. ఉపవాసం నాడు ఏమి చేయాలో ముందే వైద్యుణ్ణి అడగండి. కీళ్లవాతజ్వరం వలన మిట్రల్ కవాటం బాగా సన్నబడినవారికి, లోహపు కవాటం అమర్చినవారికి వార్ఫరిన్ జాతి మందులే వాడుతారు. వారు ఆకుకూరలు మానవద్దు, తినే పాళ్లు మాత్రం ఒక్కరోజున హఠాత్తుగా మార్చవద్దు. నెత్తురు పరీక్షలో ఐ.ఎన్.ఆర్. ఎంత ఉండాలో వైద్యుడు చెబుతారు, సాధారణంగా అది 2, 3ల మధ్య.

నేను అపిక్సాబాన్ ఉదయం తీర్థం పుచ్చుకునే ముందు ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. వచ్చే శ్రావణానికి నాకు 75 నిండుతాయి. ఆ లెక్కలో మరొక అంకె చేరుతుంది.