బాక్స్ మీద 6000 అని ఉంటే సరిపోదు: హై-ఎండ్ డెస్క్‌టాప్‌కి ర్యామ్ ఎంచుకునే ముందు ఇది చదవండి

పోయిన ఎండాకాలం సంగతి. చిల్కూరులో మా అద్దె ఇల్లు, రాత్రి పదకొండు దాటింది. పెద్ద సి++ ప్రాజెక్ట్ బిల్డ్‌కి పెట్టి, అన్నం తిని వచ్చేసరికి స్క్రీన్ మీద 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్' అని ఉంది. మళ్లీ రన్ చేస్తే అదే ఫైల్ హాయిగా కంపైల్ అయ్యింది, ఈసారి ఇంకో ఫైల్ దగ్గర ఆగింది. కోడ్‌లో తప్పుంటే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి కదా! మూడు రోజులు కంపైలర్ మార్చా, ఓఎస్ మళ్లీ వేశా, పాపం ఎస్‌ఎస్‌డీని తిట్టుకున్నా. చివరికి దొంగ దొరికాడు. రెండు వారాల ముందు ముచ్చటపడి నేనే పెట్టిన రెండు కొత్త ర్యామ్ స్టిక్స్ వల్ల వచ్చిన గొడవ అది.

బిల్డ్ పోతే మళ్లీ చేసుకోవచ్చు. కానీ ఆ రెండు వారాల్లోనే ఇంట్లో పాత ఫోటోలు, వీడియోలు అన్నీ జిప్ చేసి, ఒరిజినల్స్ డిలీట్ చేశా. నాలుగు ఆర్కైవ్స్‌లో ఒకటి సీఆర్‌సీ ఎర్రర్ ఇచ్చింది. అందులో అక్క పెళ్లి వీడియోలున్నాయి. వాటిలో సగం తిరిగి రాలేదు. ర్యామ్ తప్పు చేస్తే ప్రతిసారీ బ్లూ స్క్రీన్ వస్తుందని గ్యారంటీ లేదు. చాలాసార్లు చప్పుడు లేకుండా తప్పు డేటాని డిస్క్ మీద రాసేస్తుంది. అసలు ప్రమాదం అదే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మొయినాబాద్ దగ్గర బీటెక్ చదువుతున్న మా బాబాయి కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, నా దగ్గర 32 జీబీ ఉంది. ఇంకో సేమ్ కిట్ ఏస్తే 64 అయితది గదా?" అని. పైగా 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో మీకు తెలిసిందే. మైక్రాన్ అయితే క్రూషియల్ బ్రాండ్‌తో మనలాంటి వాళ్లకి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఇలాంటి టైమ్‌లో తప్పు కిట్ కొంటే జేబుకి గట్టిగానే తగులుతుంది. అందుకే వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా.

బాక్స్ మీద ఉన్న నంబర్ అసలు ఏంటి?

డీడీఆర్5-6000 అంటే సెకనుకి 6000 మెగాట్రాన్స్‌ఫర్స్. డీడీఆర్ అంటేనే డబుల్ డేటా రేట్ కాబట్టి అసలు క్లాక్ అందులో సగం, 3000 మెగాహెర్ట్జ్. సీపీయూ-జెడ్‌లో 3000 అని కనబడితే షాపువాడు మోసం చేశాడని గొడవకి వెళ్లకండి.

ఆ 6000 తనంతట తాను రాదు. కొత్త కిట్ పెట్టి ఆన్ చేస్తే చాలావరకు 4800 లాంటి స్టాండర్డ్ స్పీడ్‌లోనే నడుస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ బోర్డ్ అయితే ఎక్స్‌ఎంపీ, ఏఎండీ బోర్డ్ అయితే ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయాలి. అప్పుడు వోల్టేజ్ స్టాండర్డ్ 1.1 నుంచి 1.35 లేదా 1.4 దాకా పెరుగుతుంది. అంటే ఇది ఓవర్‌క్లాకింగే. ఆ స్పీడ్ ఇవ్వగలనని స్టిక్ తయారుచేసిన కంపెనీ చెప్తోంది, అంతే. మీ ప్రాసెసర్‌లో ఉన్న మెమరీ కంట్రోలర్, మీ మదర్‌బోర్డ్ కూడా ఒప్పుకోవాలి. ముగ్గురిలో ఒక్కరు మొరాయించినా ఎర్రర్లు మొదలవుతాయి.

ఎంహెచ్‌జెడ్ ఒక్కటే చూడకండి, సీఎల్ కూడా చూడండి

సీఎల్ అంటే క్యాస్ లేటెన్సీ. డేటా అడిగాక ఎన్ని క్లాక్ సైకిల్స్ ఆగాలో చెప్పే నంబర్. నానోసెకన్లలోకి మార్చడానికి చిన్న లెక్క ఉంది: సీఎల్‌ని 2000తో గుణించి, స్పీడ్‌తో భాగించండి.

- డీడీఆర్4-3200 సీఎల్16: 10 నానోసెకన్లు
- డీడీఆర్5-4800 సీఎల్40: 16.7
- డీడీఆర్5-6000 సీఎల్40: 13.3
- డీడీఆర్5-6000 సీఎల్36: 12
- డీడీఆర్5-6000 సీఎల్30: 10
- డీడీఆర్5-6400 సీఎల్32: 10

చూశారా, పాత మంచి డీడీఆర్4 కిట్, కొత్త 6000 సీఎల్30 కిట్ లేటెన్సీలో సమానం. డీడీఆర్5 గెలిచేది బ్యాండ్‌విడ్త్‌లో. అలాగే ఒకే 6000 స్పీడ్‌లో సీఎల్40కి, సీఎల్30కి తేడా చిన్నదేం కాదు. ఆన్‌లైన్‌లో "6000 చీప్‌గా వస్తోంది బ్రో" అంటే ముందు సీఎల్ ఎంతో అడగండి.

మీ ప్రాసెసర్ ఏది?

రైజెన్ 7000, 9000 వాడేవాళ్లకి సమాధానం తేలిక: 6000 సీఎల్30. ఏఎం5లో 6000 దగ్గర మెమరీ కంట్రోలర్, ర్యామ్ ఒకే క్లాక్‌లో కలిసి నడుస్తాయి. రైజెన్ 7000 లాంచ్ అప్పుడు ఏఎండీ కూడా 6000నే స్వీట్ స్పాట్ అని చెప్పింది. 6400 దాటితే కంట్రోలర్ చాలావరకు సగం క్లాక్‌కి పడిపోతుంది. దాంతో ఎక్కువ డబ్బు పెట్టి లేటెన్సీ పెంచుకున్నట్టు అవుతుంది. ఎక్స్3డీ చిప్ అయితే క్యాష్ పెద్దది కాబట్టి ర్యామ్ స్పీడ్ ప్రభావం ఇంకా తక్కువ. ఇంకో మాట: ఎక్స్‌పో ఆన్ చేసేముందు బయోస్ అప్‌డేట్ చేయండి. 2023లో కొన్ని ఏఎం5 ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజ్‌ని 1.3 దాటకుండా కట్టేసింది. ఆ లిమిట్ కొత్త బయోస్‌లలోనే ఉంది.

ఇంటెల్ 13, 14 తరాల హై-ఎండ్ చిప్స్‌కి అధికారిక స్పీడ్ 5600. 6000 నుంచి 6400 వరకు కిట్స్ సాధారణంగా ఇబ్బంది లేకుండా నడుస్తాయి. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి వేర్వేరుగా ఉంటాయి, ఒకదాని స్టిక్ ఇంకోదానిలో పట్టదు. కోర్ అల్ట్రా 200ఎస్ సిరీస్‌కి అయితే సీయూడిమ్ అని కొత్త రకం ఉంది. స్టిక్ మీదే క్లాక్ డ్రైవర్ చిప్ ఉంటుంది కాబట్టి హై స్పీడ్‌లో సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది.

రెండు స్టిక్సా, నాలుగా?

నేను దెబ్బతిన్నది ఇక్కడే. రైజెన్ 9000కి ఏఎండీ ఇచ్చే అధికారిక లెక్క చూడండి: రెండు స్టిక్స్ పెడితే 5600, నాలుగు పెడితే 3600. అంత తేడా! ఒక్కో ఛానెల్ మీద రెండు స్టిక్స్ వేలాడితే కంట్రోలర్‌కి లోడ్ పెరుగుతుంది, సిగ్నల్ పాడవుతుంది. నేనేమో నాలుగు పెట్టి 6000 ప్రొఫైల్ ఆన్ చేసి, విండోస్ బూట్ అయింది కదా అని సంబరపడ్డా.

తమాషా ఏంటంటే ఆ కొత్త స్టిక్స్ పాడైనవి కావు. పాత రెండూ తీసేసి ఆ రెండే పెట్టి రాత్రంతా టెస్ట్ చేస్తే ఒక్క ఎర్రర్ రాలేదు. నాలుగూ పెట్టి స్పీడ్ 3600కి తగ్గించినా ఎర్రర్ రాలేదు. నాలుగు స్టిక్స్, 6000 స్పీడ్ కలిస్తేనే గొడవ.

కాబట్టి రూల్ ఒక్కటే: ఇవాళ కాదు, రెండేళ్ల తర్వాత ఎంత కావాలో ఆలోచించి, అంతా రెండు స్టిక్స్‌లో ఒకే కిట్‌గా కొనండి. 64 కావాలంటే 32 చొప్పున రెండు. సేమ్ మోడల్ అని ఇంకో కిట్ కలపడం కూడా రిస్కే. ఒకే పేరు మీద లోపల ఒకసారి ఎస్‌కే హైనిక్స్, ఇంకోసారి సామ్‌సంగ్ లేదా మైక్రాన్ చిప్స్ ఉండొచ్చు. స్లాట్స్ విషయంలో మాన్యువల్ చూడండి. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది.

మన ఎండలు కూడా లెక్కలోకే

ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక బుల్లి కెపాసిటర్‌లో ఛార్జ్‌గా ఉంటుంది. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి డీడీఆర్5లో మామూలుగా ప్రతి 32 మిల్లీసెకన్లకి రిఫ్రెష్ చేయాలి. వేడి పెరిగేకొద్దీ కారడం ఎక్కువవుతుంది. మే నెలలో ఏసీ లేని రూమ్‌లో, గ్రాఫిక్స్ కార్డ్ గాలి నేరుగా ర్యామ్ మీదకి కొడుతుంటే, జనవరిలో పాసైన సెట్టింగ్ ఫెయిల్ అవ్వొచ్చు. ఆర్‌జీబీ లైట్ల మీద పెట్టే డబ్బు కేస్ ఫ్యాన్ మీద పెట్టండి.

ఈసీసీ సంగతి

"డీడీఆర్5లో ఈసీసీ ఉంటుంది కదా" అని చాలామంది అంటారు. అది ఆన్-డై ఈసీసీ. చిప్ లోపలి తప్పుల్నే సరిచేస్తుంది. స్టిక్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో జరిగే తప్పుల్ని పట్టుకోదు. వాటికి అసలైన ఈసీసీ స్టిక్స్ కావాలి. ఏఎం5లో బోర్డ్ సపోర్ట్ చేస్తే నడుస్తాయి, ఇంటెల్ 12 నుంచి 14 తరాలకైతే డబ్ల్యూ680 బోర్డ్ ఉండాలి.

అందరికీ అవసరమా? గేమింగ్‌కి అక్కర్లేదు. కానీ 2009లో గూగుల్ సర్వర్ల మీద వచ్చిన స్టడీలో ఏడాదికి 8 శాతానికి పైగా స్టిక్స్‌లో ఎర్రర్లు కనబడ్డాయి. లినస్ టోర్వాల్డ్స్‌కే 2022 అక్టోబర్‌లో, లినక్స్ 6.1 పని మధ్యలో కంపైల్ ఎర్రర్లు వచ్చాయి. పాత కెర్నల్ బూట్ చేసి చూసి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే తేలింది: రెండున్నరేళ్లు బుద్ధిగా పనిచేసిన స్టిక్ పాడైంది. కాబట్టి డేటా మీదే బతికే పని మీదైతే ఈసీసీ గురించి సీరియస్‌గా ఆలోచించండి.

కొన్నాక ఏం చేయాలి?

కొనేముందు మదర్‌బోర్డ్ కంపెనీ సైట్‌లో క్యూవీఎల్ లిస్ట్ తీసి, కిట్ పార్ట్ నంబర్ అక్షరం అక్షరం సరిచూడండి. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు, వారంటీ, మార్పిడి రూల్స్ ముందే అడగండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగా ఉంటే కంగారుపడి పవర్ తీయకండి. అది మెమరీ ట్రైనింగ్.

తర్వాత ఈ వరసలో టెస్ట్ చేయండి:

1. ప్రొఫైల్ ఆన్ చేయకముందు మెమ్‌టెస్ట్86 ఒకసారి. ఇక్కడే ఎర్రర్ వస్తే ముందు స్టిక్ మీదే అనుమానం, మార్చమని అడగండి.
2. ప్రొఫైల్ ఆన్ చేసి మెమ్‌టెస్ట్86 రాత్రంతా.
3. విండోస్‌లో టెస్ట్‌మెమ్5 లేదా ఓసీసీటీ, ఆ తర్వాత వై-క్రంచర్. మెమ్‌టెస్ట్ పాసైనా కంట్రోలర్ మీద లోడ్ పడితే ఫెయిలయ్యే సిస్టమ్స్ ఉంటాయి.
4. గేమ్ ఆడి గ్రాఫిక్స్ కార్డ్ వేడెక్కాక మళ్లీ ఒకసారి.

ఎన్ని ఎర్రర్లు ఓకే? సున్నా. ఒక్కటి వచ్చినా ఫెయిలే. స్పీడ్ ఒక మెట్టు దించి మొదటి నుంచి టెస్ట్ చేయండి. 6000కి, 5600కి మధ్య తేడా గేమ్‌లో మీ కంటికి కనబడదు. పాడైన ఫైల్ మాత్రం జీవితాంతం గుర్తుంటుంది.

మా చిల్కూరు బాలాజీ గుడిలో కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ర్యామ్ దగ్గర మాత్రం ఆ 108 ముందే చేసేయాలి, నమ్మకం తర్వాత.

మా తమ్ముడు చివరికి పాత కిట్ అమ్మేసి 32 చొప్పున రెండు స్టిక్స్ తీసుకున్నాడు. రెండు రాత్రులు టెస్ట్ పెట్టి, పొద్దున్నే సున్నా ఎర్రర్ల స్క్రీన్ ఫోటో పంపాడు. "ఇప్పుడు గేమ్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా అన్నా?" అని కింద మెసేజ్. చేసుకోరా, కానీ ముందు బ్యాకప్ ఇంకో డిస్క్‌లో పెట్టు అన్నా.