వలలో అక్షరము: శిలాశాసనముల త్రిమితీయ ప్రతిరూపమున భాగముల ఎంపిక

రాతిపై ఒక చుక్క కలదు. తెలుగు, కన్నడ శాసనములలో అది అనుస్వారము కావచ్చును. తమిళ శాసనమున పుళ్ళి కావచ్చును. ఉలి జారి పడిన గంటు కావచ్చును. ఎండకు వానకు రాయి పెచ్చులూడగా ఏర్పడిన గుంటయు కావచ్చును. పాఠమును నిర్ణయించు పండితుడు వీనిలో ఏదో ఒకదానిని అంగీకరించి ముందుకు సాగవలసినదే. తమిళ శాసనములలో పుళ్ళి వాడుక నియతము కాదు. పెక్కింట అది అసలే కానరాదు. అందుచే కనిపించిన ఒక్క చుక్క విలువ మరింత పెరుగును. ఈ నిర్ణయము ఇంతకాలము పండితుని కంటికిని నకలు కాగితమునకును నడుమ జరుగుచు వచ్చినది. ఇటీవల శాసనశిల యొక్క త్రిమితీయ ప్రతిరూపము కంప్యూటరు తెరపైకి వచ్చుటతో మూడవ స్థానమొకటి ఏర్పడినది. అందు అక్షరమును తక్కిన రాతినుండి వేరుపరచువాడు యంత్రకుశలుడు. వేరుపడిన అక్షరమును చదువువాడు పండితుడు. మొదటివాని పని కేవలము సాంకేతికమనియు, విమర్శ యంతయు రెండవవానిదే యనియు సాధారణముగా తలచుచుందురు. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

శాసనములను ఎత్తి వ్రాయు కాలమున ఎంపిక యంతయు లేఖకుని కంటిదే. కర్నల్ మెకంజీ యొద్ద పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య మొదలగువారు రాతిని చూచి, అక్షరమని తమకు తోచినదానిని కాగితమున కెక్కించిరి. తోచనిది రాతిమీదనే మిగిలిపోయినది. తరువాత తడికాగితపు నకలు వచ్చినది. తడిపిన కాగితమును రాతిపై పరచి, కుంచెతో కొట్టి గాళ్ళలోనికి దిగునట్లు చేసి, పైన మసి అద్దుదురు. ఎత్తుగా నున్న తలమునకు మసి పట్టును. గుంటలన్నియు తెల్లగా మిగులును. ఇందు కాగితము ఏమియు ఎంపిక చేయదు. అక్షరమును పగులును రెంటిని తెల్లగానే చూపి, తీర్పును చదువరికి వదలును. నకలు యొక్క గౌరవమంతయు ఈ ఉదాసీనతలోనే కలదు. త్రిమితీయ ప్రతిరూపము ఈ రెండు పద్ధతులకును నడుమ నిలుచును: తీసినప్పుడు నకలువలె ఉదాసీనము, వాడునప్పుడు ఎత్తు వ్రాతవలె పక్షపాతము కలది.

స్కానరు ప్రసరించు కాంతి సాయమున గాని, పెక్కు కోణములనుండి తీసిన ఛాయాచిత్రములను ఒకదానితో ఒకటి పోల్చి గాని, రాతి ఉపరితలముపై అసంఖ్యాకములైన బిందువుల స్థానములను నిర్ణయింతురు. ఆ బిందువులను సరళరేఖలతో కలుపగా ఏర్పడు చిన్న త్రిభుజముల అల్లికయే మెష్, అనగా వల. బిందువునకు శీర్షము, రెండు శీర్షములను కలుపు రేఖకు అంచు, అంచుల నడుమ నున్న పలకకు ముఖము అను పాఠశాల గణితపు పేర్లే ఇచ్చట చాలును. ఒక మీటరు ఎత్తు, అర మీటరు వెడల్పు గల ఫలకమున ఒక్క వైపును తీసికొని, త్రిభుజపు అంచు ఒక మిల్లీమీటరు ఉండునట్లు అల్లినచో 11 లక్షలకు పైగా ముఖములు వచ్చును. అంచును అర మిల్లీమీటరునకు తగ్గించినచో అవి నాలుగింతలగును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 1998-99లో మైకెలాంజెలో శిల్పములను స్కాను చేసినప్పుడు ఒక్క దావీదు విగ్రహమునకే సుమారు 200 కోట్ల త్రిభుజములు వచ్చినవి. మన దేశమున బెంగుళూరులోని మిథిక్ సొసైటీ ఆ నగర పరిసరముల శాసనములను ఈ విధముగా భద్రపరచు పనిని 2021లో ఆరంభించినది. ఈ లక్షల ముఖములలో ఏవి అక్షరమునకు చెందినవో వలకు తెలియదు. అవి వేరుగా ఎంపిక చేయబడినప్పుడే అక్షరమునకు రంగు వేయుటకు గాని, కొలుచుటకు గాని, పటము గీయుటకు గాని వీలగును.

‘ఎంపిక’ అను మాటను గూర్చి ఒక్క విషయము. ఈ పని చేయు తెలుగువారు వాడుకలో ‘సెలెక్టు చేయుట’ యనియే అందురు. సంస్కృతమునుండి ‘వరణము’ తీసికొనవచ్చును గాని దానిని వినగానే యజ్ఞమున ఋత్విక్కులో, స్వయంవరమున రాజకుమారులో స్ఫురింతురు. ‘ఏరుట’ అను దేశ్యపదము పనికి దగ్గరగా నున్నది. బియ్యములో రాళ్ళనేరు చేతికిని, రాతిలో అక్షరమునేరు చేతికిని పోలిక కలదు. అయినను నామరూపమున ‘ఎంపిక’ స్థిరపడినది గనుక ఇచ్చట దానినే గ్రహింపవచ్చును.

నెదర్లాండ్సులో పుట్టి, 2002లో మూలసంకేతముతో సహా అందరికిని ఉచితముగా విడుదలైన బ్లెండరు అను సాధనమును ఉదాహరణముగా తీసికొందము. అందు ఎంపికకు శీర్షము, అంచు, ముఖము అను మూడు పద్ధతులున్నవి. ఒకదానినుండి మరియొకదానికి మారుట ఒక్క మీట నొక్కుటయే గనుక, ఆ మార్పున ఏమి జరుగునో చాలమంది గమనింపరు. శీర్షములను ఎంపిక చేసి ముఖపద్ధతికి మారినచో, తన శీర్షములన్నియు ఎంపికలో నున్న ముఖము మాత్రమే నిలుచును. ఒంటరి శీర్షములు, ఒకే వరుసగా సాగిన శీర్షములు జారిపోవును. మరల శీర్షపద్ధతికి వచ్చినను అవి తిరిగి రావు. అక్షరపు కొస సన్నగిల్లి ఒక్క శీర్షపు వరుసగా మిగిలిన చోట, ఈ చిన్న మార్పుతో కొస తెగిపోవును. ఇది యంత్రదోషము కాదు, నియమము. నియమమెరుగనివాడు ఆ తెగిన కొసను రాతిదోషముగా చదువును.

తెరపై ఒక చతురస్రము గీసి అందులోని భాగములను పట్టుట అన్నిటికంటె వేగమైన మార్గము. కాని ఆ చతురస్రము కంటికి కనిపించు తలముతో ఆగునా, రాతి గుండ దూసికొని వెనుక వైపునకు పోవునా అనునది పారదర్శక వీక్షణమను మీటపై ఆధారపడును. ఆ మీట వేసియున్నచో వెనుకభాగమును ఎంపికలో చేరును. రెండు వైపులను, నాలుగు వైపులను వ్రాతగల స్తంభములు మన దేశమున కొల్లలు. తూర్పుముఖమున అడ్డువచ్చిన గడ్డిపరకల ముఖములను తొలగింపబోయి పడమటిముఖమున రెండు పంక్తులను పోగొట్టుకొనుటకు ఒక్క క్షణము చాలును. తూర్పు వైపే చూచుచున్నవానికి ఆ నష్టము తెలియదు. మీట వేయనిచో కష్టము మరియొక తీరుగా నుండును. లోతుగా చెక్కిన గాడి గోడలలో చూపునకు మరుగైనవి ఎంపికకు దొరకవు. అందుచే ఒకే కోణమునుండి ఎంపిక చేసిన అక్షరము ఒక ప్రక్క లావుగను, ఒక ప్రక్క సన్నముగను వచ్చును. ఈ భేదమును చూచి లేఖకుని హస్తవైఖరిని ఊహించుట ప్రమాదము.

అంచుల వరుసను ఒక్క తాకుడుతో పట్టు మార్గము ప్రసిద్ధమైనదే కాని శాసనమునకు అంతగా పనికిరాదు. అది ప్రతి శీర్షమునను నాలుగంచులు కలియు చతుర్భుజపు అల్లికలో నడచును. బొమ్మల ముఖములను తీర్చు కళాకారులు కంటిచుట్టును నోటిచుట్టును వలను అట్లు అల్లుదురు. స్కానరు ఇచ్చునది త్రిభుజముల అల్లిక. అందు వరుస ఎటును సాగదు. తెగక కలిసియున్న భాగమునంతయు పట్టు మార్గము మాత్రము ఉపయోగకరము: ప్రధానశిలను పట్టి, ఎంపికను తిరుగవేసి, విడిగా తేలుచున్న ధూళిశకలములను తొలగింపవచ్చును. అయినను గాడి మిక్కిలి లోతైనచో స్కానరు దాని గోడలను చూడలేక అడుగును మాత్రమే పట్టవచ్చును. అప్పుడు అక్షరపు అడుగు ద్వీపమువలె విడిపోయి ధూళిగా లెక్కింపబడును. బాగుగా చెక్కిన అక్షరమే మొదట పోవుట వింత.

అన్నిటికంటె సూక్ష్మమైనది ఎంపికను పెంచుట, తగ్గించుట అను జంటక్రియ. ముందుగా ప్రక్కప్రక్క ముఖముల నడుమ కోణమును బట్టి వాలు మారిన చోట్లను యంత్రము పట్టునట్లు చేయుదురు. కోణపు హద్దు ఎక్కువగా నున్నచో అరిగిన అక్షరములు దొరకవు. తక్కువగా నున్నచో రాతి గరుకుదనమంతయు ఎంపికలోనికి వచ్చును. ఈ గరుకుదనమును తుడుచుటకు ఎంపికను చుట్టును ఒక వరుస చొప్పున తగ్గించి, మరల అంతే పెంచుదురు. పెద్దభాగములు పూర్వరూపమునకు దాదాపు వచ్చును; తగ్గించినప్పుడు పూర్తిగా మాయమైన చిన్నవి మరల పుట్టవు. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసము గల చుక్క ఒక మిల్లీమీటరు వలలో సుమారు 29 త్రిభుజములు మాత్రమే. రెండు మూడు మారులు తగ్గించినచో అది లేదు. పటము శుభ్రముగా వచ్చును, అనుస్వారము పోవును, పుళ్ళి పోవును. ఏ గంటు గుంట యని నిర్ణయింపకయే అన్ని చుక్కలును గుంటలని తీర్పు జరిగినది.

క్రమమును తారుమారు చేసి ముందు పెంచి తరువాత తగ్గించినచో దీనికి విపరీతము జరుగును: ఇరుకైన సందులు పూడును. దక్షిణ భారత ప్రాచీనలిపులలో ప, వ లకు గల భేదమును తలచుకొనవలెను. ప పైన తెరచి యుండును, వ మూసియుండును. నేటి తెలుగు అచ్చక్షరములందును ఈ భేదము నిలిచియే యున్నది. పకారపు పైసందు ఇరుకైనచో ఈ క్రియతో అది మూసికొని వకారమగును. ఒకే శిల, ఒకే వల, ఒకే సాధనము. రెండు క్రియల క్రమము మాత్రము మారినది. కడప జిల్లాలోని కలమళ్ళ శాసనము క్రీ.శ. 575 నాటిదనియు, తెలుగు భాషలో లభించిన మొదటి శాసనమనియు పరిగణింపబడుచున్నది. దాని పాఠమున చాల భాగము శిథిలము. ఇట్టి శాసనమున ఒక్క అక్షరముపై ఒక విభక్తిరూపము, దానిపై భాషాచరిత్రలో ఒక వాదము నిలువవచ్చును. అక్కడ పటము ఏ క్రమమున శుభ్రపరుపబడెనో తెలియకుండ ప తో గాని వ తో గాని వాదించుట నిరాధారము.

కావున ఎంపికను యాంత్రికముగా చేయరాదని కాదు. చేతితో చేసిన ఎంపిక ఎత్తు వ్రాత దోషములనే తిరిగి తెచ్చును. తాను చదువగోరిన అక్షరమునే చేయి వెదకును. శిల యంతటికిని ఒకే కోణము, ఒకే క్రమము వాడి మొదటి ఎంపిక చేయుట న్యాయము. పండితుడు తన తీర్పుతో చేర్చినవానిని, తీసివేసినవానిని దానిలో కలుపక విడిగా ఉంచవలెను. ఇందుకు వలసిన సౌకర్యము సాధనముననే కలదు. ఎంపిక చేసిన శీర్షములకు ఒక పేరు పెట్టి సమూహముగా నిలుపవచ్చును. ప్రతి శీర్షమునకును 0 నుండి 1 వరకు ఒక తూకము ఈయవచ్చును. బొమ్మల అంగములు కదలుటకై ఏర్పరచిన ఈ తూకమును శాసనపరిష్కర్త తన సందేహమును తెలుపుటకు వాడుకొనవచ్చును: నిశ్చితాక్షరమునకు 1, సందిగ్ధమునకు అర, ఊహింపదగినదానికి అంతకు తక్కువ. 1919లో ఆరంభమై 1966లో ముగిసిన పూనా మహాభారత పరిష్కరణమున సంపాదకులు సందిగ్ధపాఠముల క్రింద అలల గీతను గీసిరి. ఆ గీత చేసిన పనిని వలలో ఈ తూకము చేయగలదు. పైగా మిల్లీమీటరు వరకు చేయగలదు. ‘పంక్తి ఏడు, చుక్క, అనుస్వారము, అర’ అని సమూహమునకు పేరు పెట్టుటకు క్షణము పట్టదు.

ఆచరణలో ఒక చిక్కు మిగిలియున్నది. ప్రతిరూపములను ఒకరికొకరు పంపుకొనునప్పుడు ఎస్.టి.ఎల్. అను ఫైలురూపమును తరచు వాడుదురు. అది త్రిభుజములను మాత్రమే మోయును. సమూహముల పేర్లును తూకములును అందు నిలువవు. శాసనమును ప్రకటించు సంస్థ ఎంపికకు పూర్వపు వలను ఒక ఫైలుగను, పేర్లు, తూకములు గల సాధనపు స్వంత ఫైలును రెండవదిగను, కోణపు హద్దును, పెంచి తగ్గించిన క్రమమును తెలుపు నాలుగు పంక్తుల వ్రాతను మూడవదిగను చేర్చి భద్రపరచవలెను. మూడింటిలో మొదటిదానిని ఎన్నడును మార్చరాదు.