చెనిక్కాయ పాలతో జపాను టోఫు

సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, టోరే వంటి జపాను కంపెనీలు ఫ్యాక్టరీలు పెట్టిన సంగతి మీకు తెలిసినదే. వారి బండ్లను, ఏసీలను మనము చూడగానే గుర్తుపట్టగలము గాని, ఆ దేశస్థులు తరచుగా తినే టోఫును గురించి మన పల్లెలలో అడిగితే చెప్పగలవారు తక్కువ. టోఫు అనగా సోయాచిక్కుడు గింజల పాలను విరిచి, పన్నీరు వలె ఒత్తి గడ్డ కట్టించిన పదార్థము. చైనాలో పుట్టి జపానుకు వెళ్లినది. 1782లోనే ఒసాకా నగరములో నూరు టోఫు వంటకాలతో ‘టోఫు హ్యాకుచిన్’ అనే పుస్తకము అచ్చయినదంటే, వారికి దానిపై ఎంత మక్కువో ఊహించుకోవచ్చును.

“మన పొలాల్లో సోయా లేదే, ఈ వంట మనకెందుకు?” అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందుగా ఒకినావా దీవుల టోఫును గురించి వ్రాస్తున్నాను. జపానుకు దక్షిణాన ఉన్న ఆ దీవులలో దానిని ‘జిమామి టోఫు’ అంటారు. జిమామి అంటే నేలచిక్కుడు. అది మరేమో కాదు, మన చెనిక్కాయే. మనము వేరుశనగ అన్నాము, వారు నేలచిక్కుడు అన్నారు.

వంటకు పూనుకొనే ముందు గింజను గురించి ఒక మాట గట్టిగా చెప్పవలసి వున్నది. మన ఇండ్లలో ఒక అలవాటు కలదు. కాయ ఒలిచిన తరువాత లావు గింజను మండీకి పంపి, ముడుచుకొనినది, రంగు మారినది, పుచ్చినది ఊరిబిండికని ఇంట ఉంచుకుంటాము. పైసా కలిసివచ్చినదనుకుంటాము గాని, బూజు విషము ఎక్కువగా ఉండేది ఆ గింజలలోనే. ఆస్పర్జిల్లస్ అనే బూజు వలన గింజలో అఫ్లటాక్సిన్ అనే విషము పుట్టును. అది కాలేయమును చెరచును. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. కాయ ముదిరే దినాలలో వాన మొగము చాటు చేసినా, పీకిన తరువాత కుప్పలు తడిసినా ఈ బూజు పెరుగును. మన మెట్ట రైతులకు ఈ రెండూ కొత్త కావు. కాయలో తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టవలెను. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడవలెను, వేళ్లతో నలిపితే పొట్టు రాలవలెను. చెడ్డ గింజను పశువులకు కూడా వేయరాదు. ఆ విషము పాలలోనికి దిగి తిరిగి మన పిల్లల గ్లాసులోనికే వచ్చును. అమ్మే గింజ ఎంత మంచిదో, ఇంట తినే గింజ అంతకంటె మంచిదై యుండవలెనని నా అభిప్రాయము.

ఇక తయారీ. ఏరిన పచ్చి గింజలు 100 గ్రాములు తీసుకొని ఆరు గంటలు నానబెట్టండి. పొట్టు చేతికే ఊడివచ్చును. అర లీటరు నీటిలో కొద్దికొద్దిగా పోసుకుంటూ మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడగట్టి పిండండి. ఆ పాలలో 60 గ్రాముల గంజిపిండిని ఉండ లేకుండ కలపండి. ఒకినావాలో చిలగడదుంప గంజిపిండి వాడతారు. మనము పాలగుండ గాని, కర్రపెండలపు గంజిపిండి గాని వాడవచ్చును. చిటికెడు ఉప్పు వేసి, మందపాటి గిన్నెలో, చిన్న మంటపై, చేయి ఆపకుండ కలుపుచుండవలెను. చిక్కబడగానే దించరాదు. మరి పదిహేను నిమిషాలు కలిపి, ముద్ద నిగనిగలాడుచు గిన్నెను వదలునపుడు, తడి చేసిన పళ్లెములో పోసి చల్లార్చవలెను. మొదటిసారి నేను తొందరపడి చిక్కబడగానే దించితిని. మా అమ్మగారు చూచి, “ఇదేమి నాయనా, గోడకు కాగితాలంటించే మైదా జిగురా?” అన్నారు. రెండవసారి ముక్కలు చక్కగా తెగినవి.

అక్కడివారు దీనిపై సోయాసాసు, చక్కెర కలిపిన తీపి పాకము, తురిమిన అల్లము వేసుకుంటారు. సోయాసాసులో ఉప్పు చాల ఎక్కువ, రక్తపోటు వున్నవారికి మంచిది కాదు. మన బెల్లము కరిగించి, అల్లపు రసము, రెండు చుక్కల నిమ్మరసము కలిపితే సరిపోవును. చెనిక్కాయ పడనివారు మాత్రము దీని జోలికి పోరాదు.

ఇది పప్పుకు బదులు అనుకోవద్దు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి మాంసకృత్తులు సుమారు 5 గ్రాములే వచ్చును. మాంసకృత్తులే కావలెనంటే అంగడిలో దొరికే సోయా గింజలతో అసలు టోఫు చేసుకోవలసినదే. పావు కిలో గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, రెండు లీటర్ల నీటితో పాలు తీయవలెను. ఈ పాలు మరగక ముందే పొంగును. ఆ పొంగును చూచి దించితే పచ్చివాసన పోదు, కడుపు చెడును. అసలు మరుగు వచ్చిన తరువాత పది, పదిహేను నిమిషాలు కాచి, దించి, రెండు మూడు నిమిషాలాగి, కప్పు నీటిలో కలిపిన నిమ్మరసము నాలుగు చెంచాలు విడతలుగా పోయండి. నీరు తేరినాక గుడ్డలో పోసి, అరగంట బరువు పెట్టండి. విరచడానికి మెగ్నీషియం సల్ఫేటు కూడా వాడుదురు గాని, చేలకు చల్లే ఎరువు సంచిలోనిది ఎంతమాత్రము వంటకు పనికిరాదు.

ఈ టోఫుతో జపానువారు చేసే ‘షిరా-ఆయె’ మన సంగటికి బాగా కుదిరినది. ఉడికించి పిండిన తోటకూరలో, వేయించి దంచిన నువ్వులు, నలిపిన టోఫు, ఉప్పు, రవ్వంత బెల్లము కలపడమే దాని తయారీ. నూనె చుక్క అక్కరలేదు. నేను మాత్రము రెండు ఎండుమిరపకాయలు కాల్చి నలిపి వేస్తాను. అవి లేనిదే మా ఇంట ముద్ద దిగదు. టోఫు మిగిలితే నీటిలో ముంచి ఫ్రిజ్‌లో ఉంచి, రోజూ నీరు మార్చుచు మూడు దినాలలో వాడవలెను. ఫ్రిజ్ లేనివారు ఆ పూటకు సరిపడ మాత్రమే చేసుకోవలెను. పిండగా మిగిలిన పిప్పిని గారెల పిండిలో కలుపుకోవచ్చును. ఇంకను మిగిలితే బాగుగా ఉడికించి అదే పూట గేదెకు వేయండి, మరునాటికి పులిసిపోవును.