ఊహకు కొలబద్ద

శంషాబాదు విమానాశ్రయానికి చేరువలో ముచ్చింతల అనే గ్రామం ఉన్నది. అక్కడ పీఠంతో కలిపి 216 అడుగుల ఎత్తున రామానుజాచార్యుల విగ్రహాన్ని నెలకొల్పి, 2022 ఫిబ్రవరి 5వ తేదీన ఆవిష్కరించినారు. దాని చుట్టూ వైష్ణవుల 108 దివ్యదేశాలకు ప్రతిరూపాలైన సన్నిధులు నిర్మించినారు. శ్రీరంగాన్నో కంచినో కన్నులారా దర్శించి వచ్చిన యాత్రికుడు ఇక్కడి సన్నిధి ముందు నిలువగానే, అతని చూపు తనకు తెలియకుండానే పోలికలు వెదుకుతుంది. మూలమెరిగిన వాని ముందు నిలిచే ప్రతి నకలుకూ ఈ పరీక్ష తప్పదు.

అయితే ఆ 108లో ఒక చిక్కు ఉన్నది. సంప్రదాయం ప్రకారం వానిలో 106 మాత్రమే భూమి మీద ఉన్నవి. తక్కిన రెండు, అనగా క్షీరసాగరము, పరమపదము, ఈ దేహంతో చూడదగినవి కావు. చూచి వచ్చి, కొలిచి, గీసి తెచ్చినవారు లేరు. అట్టి దానికి ప్రతిరూపం కట్టవలసి వచ్చినప్పుడు శిల్పికి ఆధారమేది? పురాణ వర్ణన, ఆగమోక్తమైన లక్షణం, పెద్దలు అంగీకరించిన రూపం - ఇవే. కంటికి కనబడని మూలానికి మాటయే కొలబద్ద అవుతున్నది.

భక్తితో ఏమాత్రమూ సంబంధం లేని మరొక రంగంలో, సరిగా ఇదే ప్రశ్న ఈనాటి యువకులను ఎదుర్కొంటున్నది. హైదరాబాదు నగరంలో 2013 నుండి కామిక్ కాన్ అనే బొమ్మల కథల ఉత్సవం జరుగుతున్నది. దానికి యువతీ యువకులు తమకు ప్రియమైన కల్పిత వీరుల వేషాలు ధరించి వస్తారు. కొందరు నెలల తరబడి శ్రమించి, నక్షత్రలోకాల యుద్ధ కథలలోని కవచాలను తామే తయారుచేసుకొంటారు. ఎన్నడూ జరుగని యుద్ధంలో ఎన్నడూ పుట్టని సైనికుడు తొడిగిన కవచానికి 'ఇది సరియైన నకలు', 'ఇది కాదు' అని తీర్పు చెప్పడం సాధ్యమా? సాధ్యమే అనడమే కాదు, దానికొక శాసనగ్రంథమే ఏర్పడినది.

మూలంలోని వంకర

1977లో విడుదలైన 'స్టార్ వార్స్' చిత్రంలో తెల్లని కవచాలు ధరించిన సైనికులు కనబడతారు. వారిని స్టార్మ్‌ట్రూపర్లు అంటారు. రాల్ఫ్ మెక్వారీ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు ఆ రూపానికి మొదటి ఆధారం. ఆ బొమ్మలనుబట్టి నిక్ పెంబర్టన్ శిరస్త్రాణానికి, బ్రయన్ మ్యూర్ కవచానికి మట్టి నమూనాలు చేసినారు. ఆండ్రూ ఐన్స్‌వర్త్ అనే ఇంగ్లీషు పనివాడు వేడిచేసిన ప్లాస్టిక్ పలకను అచ్చుపై పరచి, అడుగునుండి గాలిని లాగివేసి, పలక అచ్చుకు అతుక్కొని ఆ రూపం పొందేటట్లు చేసినాడు. దర్శకుడు జార్జ్ లూకాస్ అంగీకరించిన పిమ్మట చిత్రానికి 50 శిరస్త్రాణాలు ఈ విధంగా తయారైనవి.

తెరపై కొన్ని క్షణాలు మెరిసి మాయమయ్యే వస్తువులకు ఇంతకు మించిన నగిషీ అవసరమని ఆనాడెవరూ తలచలేదు. శిరస్త్రాణపు రెండు చెంపలూ ఒకదానికొకటి సరిపోవు. కొన్ని గీతలు చేతితో పూసినవి. ఒకదానిపై ఉన్నట్లు మరొకదానిపై ఉండవు. పిస్తోలు ఒర ఎడమవైపున వ్రేలాడుతుంది. దూరపు దృశ్యాలకు వాడిన శిరస్త్రాణంలో నోటి వద్ద పళ్ళవలె కోసిన సందులు పక్కకు మూడు. దగ్గరి దృశ్యాలకు చేసిన దానిలో పక్కకు నాలుగు. మొదటి దానికి కన్నుల అద్దాలు బల్లపరుపు, రెండవదానికి ఉబ్బెత్తు.

తొందరలో జరిగిన ఈ వ్యత్యాసాలే తరువాతివారికి ప్రమాణాలైనవి. ఈనాడు గణన యంత్రం సాయంతో రెండు చెంపలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక శిరస్త్రాణాన్ని తీర్చిదిద్దవచ్చును. కాని ఎరిగినవాడు దానిని చూడగానే 'ఇది అది కాదు' అంటాడు. మూలం వంకరగా ఉన్నప్పుడు తిన్ననిదే తప్పు.

ఇది మన లేఖకులెరిగిన ధర్మమే. తాళపత్ర గ్రంథం ముగించి, చూచిన ప్రతిలో ఎట్లున్నదో అట్లే వ్రాసితిమనీ, దోషముంటే తమపై మోపవద్దనీ వారు విన్నవించుకొనేవారు. తనకు తోచినట్లు దిద్దిన లేఖకునికంటే, అర్థం కాని చోట కూడా ఉన్నది ఉన్నట్లు ఎక్కించినవాడే తరువాతి పరిష్కర్తకు ఉపకారి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను కూర్చుకొని ఒక్కొక్క కావ్యానికి పెక్కు ప్రతులు సేకరించి పాఠాలు పోల్చి చూచినప్పుడు, అట్టి లేఖకుల విశ్వాసమే ఆయనకు ఆధారమైనది. కవచకారుడు చేసేదీ పాఠపరిష్కరణమే. అతడు చిత్రంలోని దృశ్యాలను ఒక్కొక్కటిగా నిలిపి చూస్తాడు. ప్రదర్శనశాలలలో మిగిలిన అసలు వేషాల ఛాయాచిత్రాలను పక్కన పెట్టుకొంటాడు. రెండింటికీ పొత్తు కుదరనప్పుడు ఏది ఏ దృశ్యానికి చెందినదో నిర్ణయిస్తాడు.

ఒంటికాలి సైనికుడు

ఈ పనికి కట్టుదిట్టమైన నియమావళి ఏర్పరచిన సంస్థ పేరు 501వ లీజియన్. అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రానికి చెందిన ఆల్బిన్ జాన్సన్ 1997లో దానిని ప్రారంభించినాడు. ప్రమాదంలో ఒక కాలు కోల్పోయి, కృత్రిమపాదంతో నడిచే మనిషి ఆయన. తెల్లని కవచం తొడిగినప్పుడు లోపలి కాలు అసలుదో కృత్రిమమో చూచేవానికి తెలియదు.

లీజియన్‌లో చేరగోరువారు తమ వేషాన్ని ముందు, వెనుక, పక్కల నుండి తీసిన ఛాయాచిత్రాలు పంపవలెను. ఒక్కొక్క పాత్రకు శిరస్త్రాణం మొదలు పాదరక్ష వరకు ఏ భాగం ఏ ఆకృతిలో, ఏ రంగులో, ఎక్కడ అమరవలెనో వ్రాసిన పట్టిక ఉన్నది. ప్రవేశానికి కనీస ప్రమాణమొకటి. ఇంకను నైపుణ్యం చూపదలచిన వారికి పై మెట్లు వేరు. లోపమున్న వేషాన్ని త్రోసిపుచ్చి ఊరుకొనక, ఏది దిద్దుకొని రావలెనో చెప్పి పంపుతారు. గమనింపదగిన విషయమేమనగా, ఈ పరీక్ష అంతా కవచానికే గాని మనిషికి కాదు. పురుషుడా స్త్రీయా, ఏ జాతి, ఏ దేశమన్న ప్రశ్న అందులో లేదు.

ఇంత పట్టుదల దేనికి? సభ్యులు ఈ వేషాలతో ధనార్జన చేయరు. ఆసుపత్రులలోని పిల్లలను పలకరించడానికి, ధర్మకార్యాలకు విరాళాలు కూర్చడానికి వెళతారు. జాన్సన్ కూతురుకు మెదడులో కంతి ఏర్పడి చిన్నతనంలోనే ప్రాణాంతకమైనది. ఆ చిత్రంలోని యంత్రసేవకుని వంటిది తనకు కాపలాగా ఉండాలని ఆ పాప కోరినది. యంత్రాలు చేసే ఔత్సాహికులు గులాబి రంగు యంత్రాన్ని ఆమెకోసం నిర్మించినారు. 2005లో ఆమె కన్నుమూసినది. ఆ యంత్రం మాత్రం రోగగ్రస్తులైన ఇతర బాలల వద్దకు వెళుతూ వచ్చినది. మంచం పట్టిన పిల్లవానికి కావలసినది 'దాదాపు అటువంటిది' కాదు. వాడు ఆ చిత్రాన్ని పదిసార్లు చూచి ఉంటాడు. పంటి సందులు ఎన్నో వానికి తెలుసును. ప్రమాణాల పట్టిక చివరకు జవాబు చెప్పవలసినది ఆ పరీక్షకునికే.

కవచం శిల్పమా?

శిరస్త్రాణపు మొదటి పనివాడైన ఐన్స్‌వర్త్ కథ మరొక దారి పట్టినది. 2004లో ఆయన తన పాత అచ్చులనుండి నకళ్ళు తీసి అమ్మసాగినాడు. లూకాస్ సంస్థ దావా వేసినది. శిరస్త్రాణం శిల్పమైనచో ఇంగ్లండు చట్టంలో దానికి దీర్ఘకాల రక్షణ ఉన్నది, కాకున్నచో లేదు. చివరకు 2011 జూలై 27న ఆ దేశపు సుప్రీంకోర్టు, అది చిత్రనిర్మాణానికి ఉపకరించిన పనిముట్టే గాని శిల్పం కాదని తీర్పు చెప్పినది. అయినను అమెరికా హక్కులకు కలిగిన భంగాన్ని ఇంగ్లీషు న్యాయస్థానంలోనే విచారింపవచ్చునని కూడ తేల్చినది. మూలమైన వస్తువు శిల్పం కాదని న్యాయాధిపతులు చెప్పినారు. దాని నకలుకోసం రాత్రులు మేలుకొన్నవారు మాత్రం శిల్పి పడే శ్రమనే పడుతున్నారు.

భరతుని కొలతలు

నాటకానికి కవచాలు చేయడం మనకు కొత్త విద్య కాదు. భరతుని నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని చెప్పిన అధ్యాయం ఉన్నది. కొండలు, రథాలు, విమానాలు, డాళ్ళు, కవచాలు మున్నగు రంగోపకరణాలకు అక్కడ 'పుస్తము' అని పేరు. అతికి చేసినవి, యంత్రంతో కదిలేవి, గుడ్డ చుట్టి చేసినవి అని వానిలో భేదాలు. ఆయుధాలకు కొలతలున్నవి: విల్లుకు ఎనిమిది తాళాలు, కత్తికి 40 అంగుళాలు, చక్రానికి 12 అంగుళాలు. తాళమనగా 12 అంగుళాలు; అంగుళమనగా ఇక్కడ వ్రేలి వెడల్పు. ఇనుముతో చేయవద్దనీ, బరువు నటుని అలయజేయుననీ హెచ్చరిక కూడ ఉన్నది. తలకు ధరించే ప్రతిరూపాలను మారేడు గుజ్జు పట్టించిన గుడ్డతో, మరీ మందంగాను మరీ పలుచగాను కాకుండా చేసి ఆరబెట్టమన్నాడు. మారేడు గుజ్జుకు బదులు ప్లాస్టిక్ వచ్చినది, సూత్రం మారలేదు. రూపానికి కొలత, దేహానికి తేలిక.

తెలుగు తెరపై కూడ ఇట్టి ప్రమాణాలు తామై ఏర్పడినవి. శ్రీకృష్ణుని చూచినవారెవరు? అయినను 1957 నాటి 'మాయాబజార్' చూచిన తరాలకు నందమూరి తారకరామారావు కిరీటమే కృష్ణుని కిరీటమైనది; ఎస్. వి. రంగారావు ఆకారమే ఘటోత్కచుడైనది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' కాలయంత్రంలో కృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ ప్రయాణించినది. రాయల కాలాన్ని హంపీ శిల్పాలతో సరిచూడవచ్చును; భవిష్యత్తును దేనితో సరిచూడగలము? నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.' భవిష్యత్తునే రంగస్థలం చేసుకొన్నది. ఆ కవచాలను నకలు చేయబూనే తెలుగు బాలునికి ఆ చిత్రమే మూలగ్రంథం.

పాఠశాల వార్షికోత్సవానికి అట్టముక్కతో కిరీటమో కవచమో చేసే విద్యార్థిని ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడుగవచ్చును. నీవు చూచిన మూలమేది? ఈ కొలత ఎక్కడనుండి తెచ్చినావు? ఎక్కడెక్కడ ఊహించినావు? మొదటి రెండింటికీ జవాబు వెదకడానికి వాడు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలోని ఆయుధాల గది వరకు వెళ్ళవచ్చును. చలనచిత్రాన్ని ఆపి ఆపి చూడవచ్చును. మూడవదానికి ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. ఇంతవరకు చూచినది, ఇక్కడనుండి నేను కల్పించినది అని కవచం లోపలి వైపున పెన్సిలుతో ఒక గీత గీసి చూపితే చాలును.