మన కుక్కే కదా!



పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో రిటైరై పల్లె చేరిన పెద్దలకు చలికాలం రాత్రులు కుక్కే తోడు. మూగజీవుల మీద దయ చూపమని సామెతలు 12:10 నేర్పుతుంది. ఏటేటా దానికి రేబిస్ టీకా వేయించడమూ దయే.

గీరినా, కరిచినా "మన కుక్కే కదా" అనే మాట మేము తరచు వింటాము. వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి రండి. 1885లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి వేసిన నాటి నుండి టీకా ఉంది. లక్షణాలు కనబడ్డాక మాత్రం బ్రతకడం దాదాపు అసాధ్యం. ప్రార్థించండి, టీకా మానకండి.

తలుపులు మూసిన గదిలో కుంపటి వద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మీకు రగ్గు, కుక్కకు గోనెసంచి చాలు.

దేవుడు మిమ్మును కాపాడును గాక.