లైసెన్సు రాజ్యానికి ఎదురు నిలిచిన నిడుబ్రోలు రైతుబిడ్డ

ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1963లో అయితే కొత్త నగ చేయించాలన్నా బంగారం 14 క్యారెట్లకు మించకూడదు! ఈతరం పిల్లలకు చెబితే నమ్మరుగానీ మన పెద్దలు గడిపిన రోజులవి.

ఇంటావిడ ఏ నగ చేయించుకోవాలో, రైతు ఎలా సాగు చేయాలో, ఫ్యాక్టరీలో ఎంత సరుకు తయారవాలో సర్కారు చెప్పాలా? శాంతిభద్రతలు, న్యాయం, దేశరక్షణ చూసుకుని మిగతాది జనానికి వదిలేస్తే చాలదా? ఇలా వాదించేవారిని పాశ్చాత్య దేశాల్లో లిబర్టేరియన్లు అంటారు. మనదేశంలో ఆ ఆలోచనకు బాగా దగ్గరగా వచ్చిన పెద్ద పార్టీ... స్వతంత్ర. దాని తొలి అధ్యక్షుడు తెలుగువాడే. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి.రంగా!

గట్టు చెరిపేస్తే...

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. భూమి ఎవరి పేరున ఉన్నా సాగు మాత్రం అందరూ కలిసి చేయాలన్నది దాని సారాంశం. చిన్న కమతాలు గిట్టుబాటు కావని నెహ్రూ వాదన. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, రైతు ఉద్యమాల్లో తలపండిన రంగాకు అది మింగుడుపడలేదు. గట్టు చెరిగిన రోజున రైతు తన పొలంలో తానే కూలీ అవుతాడన్నది ఆయన భయం. తెనాలి ఎంపీగా ఉంటూనే కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చేశారు.

అదే ఏడాది ఎనభై ఏళ్ల రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. ప్రతి పనికీ ఆఫీసుల చుట్టూ తిప్పే పాలనకు రాజాజీ పెట్టిన పేరు 'పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్'. ఆ పేరు నేటికీ వాడుకలో ఉంది.

గెలుపా... ఓటమా?

విమర్శలకూ కొదవలేదు. ఇది జమీందార్లు, మహారాజుల పార్టీ అన్నారు ప్రత్యర్థులు. సెంటు భూమి లేని కూలీకి ఆస్తి హక్కు ఏం పెడుతుందని నిలదీశారు. ఆ ప్రశ్నకు పార్టీ పేదలను ఒప్పించే జవాబు చెప్పలేకపోయింది. అయినా 1967లో 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. 1971లో 'గరీబీ హఠావో' గాలికి 8 స్థానాలకు పడిపోయింది. 1972లో రాజాజీ కన్నుమూశారు. రంగా తిరిగి కాంగ్రెస్ గూటికే చేరారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. నాలుగేళ్లకు, 1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది. కథ ముగిసిందనుకున్నారంతా.

కానీ 1991 జులై 24న పి.వి.నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. ఓడిన పార్టీ వాదన గెలిచిన పార్టీ చేతుల మీదుగా అమలైంది! 1995లో కన్నుమూసిన రంగా ఆ మార్పును కళ్లారా చూశారు.

మిగిలిన సగం

2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. అంటే నాలుగు గోడల మధ్య జీవితానికి రాజ్యాంగం రక్షణ దొరికింది. పొలానికి మాత్రం ఆ స్థాయి రక్షణ లేదు. ఆస్తి నేడు ప్రాథమిక హక్కు కాదు, రాజ్యాంగపరమైన హక్కు మాత్రమే.

పంట సంగతీ అంతే. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. 2024 సెప్టెంబరులోగానీ ఎత్తేయలేదు. ధర పడిపోతే నష్టం రైతుది, పెరిగితే పగ్గం సర్కారుది. ఇదెక్కడి న్యాయమని స్వేచ్ఛావాదులు అడుగుతారు. అయితే బియ్యం ధర మండిపోతే సర్కారు ఏం చేస్తోందని అడిగేదీ మనమేగా!

లైసెన్సు ఇచ్చే గుమాస్తాను తిట్టుకోవడం తేలికే. మన వంటింటి ఖర్చు కోసం పక్కవాడి స్వేచ్ఛకు ఎంతవరకు పగ్గం వేయొచ్చన్నదే కష్టమైన ప్రశ్న. రంగా పార్టీ కనుమరుగై యాభై ఏళ్లు దాటింది. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు.